సన్మాన పత్రంలో ఒక వాక్యం

వకీలు మునిరామయ్య గారు శాసనసభకు గెలిచిన నెలకు మా చిత్తూరు బోర్డు స్కూల్లో ఆయనకు సన్మానం పెట్టారు. అది 1946. తెలుగు అయివారిని కాబట్టి సన్మాన పత్రం రాసే పని నాకు అప్పగించారు. ఏమేమి రాయాలో ఆయన మనిషి చీటీ తెచ్చి ఇచ్చాడు. అన్నీ రాసి పంపాను. ఒక్క వాక్యం మాత్రం రాయలేదు: "నలభై రెండు ఉద్యమంలో అరెస్టయిన యువకుల తరఫున కోర్టులో నిలిచి వాదించిన ధీరుడు."

ఆ యువకుల్లో మా తమ్ముడు దామోదరం ఒకడు. తంతి తీగలు తెంపాడని ఏడాదిన్నర శిక్ష వేశారు. ఎనిమిదో నెలలో జైల్లోనే జ్వరం వచ్చి పోయాడు. వాడి వకీలు మునిరామయ్య గారే.

మర్నాడు ఆయన నలుగురు మనుషులతో హెడ్మాస్టరు గదికి వచ్చి నన్ను పిలిపించారు.

"ఏం అయివారూ, సిరా అయిపోయిందా? ఒక వాక్యం తగ్గిండాదే."

"అది జరగలేదండీ."

మనుషులు నవ్వారు. ఆయన కండువా సర్దుకుని, సాక్షిని అడిగినట్టు మొదలుపెట్టారు.

"శిక్ష పడిన దినం నువ్వు కోర్టులో ఉండినావా?"

"ఉండినాను."

"నేను ఆడ లేనంటావు."

"అవును."

"జ్వరమొచ్చి ఇంట్లో పడుండినానేమో! నేను యాడుండినానో నీకేం తెలుసప్పా? సెప్పు, అందరూ వింటారు."

"పక్క హాల్లో ఉండినారు. జమీందారు భూమి దావా వాదిస్తా ఉండినారు. నేను వాకిట్లో నిలబడి రెండుసార్లు పిలిచినాను. మీరు తిరిగి చూసినారు. చూసి, మళ్లీ జడ్జీ పక్కకు తిరుక్కున్నారు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. వకీలై ఉండి జవాబు ముందే తెలియని ప్రశ్న తాను అడిగానని ఆయనకు అప్పుడు అర్థమైంది.

"బడి ఉద్యోగం బరువైనట్టుండాది నీకు" అంటూ లేచి, హెడ్మాస్టరుతో, "డ్రాయింగు మాస్టరు చేత రాయించు" అన్నారు.

సన్మానం నాడు హెడ్మాస్టరు పత్రం చదువుతూ ఆ వాక్యం దగ్గర ఆగారు. నా వైపు చూసి, దగ్గి, తర్వాతి వాక్యానికి వెళ్లారు. మునిరామయ్య గారు మెడలో దండతోనే లేచి పత్రం లాక్కున్నారు.

"పెద్ద అయివారికి కండ్లు కనపళ్లేదు, పాపం" అని, ఆ వాక్యాన్ని తానే గట్టిగా చదివారు. చప్పట్లు మోగాయి.

అవి ఆగేదాకా కూర్చున్నాను. తర్వాత లేచి, "అబద్ధం. ఈయన రాలేదు. దామోదరం వకీలు లేకుండానే శిక్ష విన్నాడు" అన్నాను.

ఇద్దరు మనుషులు రెక్కలు పట్టి నన్ను బయటికి తోశారు. శుక్రవారానికి ఉద్యోగం పోయింది.

అమ్మకు చెప్పాను. ఆమె ఉద్యోగం సంగతి అడగలేదు.

"గట్టిగా సెప్పినావా నాయనా? అందరూ ఇన్నారా?"

"విన్నారమ్మా."