నీళ్లు చూడని ఇంకుడు గుంత

నేను ఒక ఇంకుడు గుంతని. అసలుది కాదు లెండి, బడిపిల్లల ప్రాజెక్టు కోసం థర్మోకోల్‌తో చేసిన బొమ్మని. ఒక ఇల్లు, కప్పు మీంచి దిగే సెలైన్ గొట్టం, దాని కింద నీలిరంగు పూసిన గుండ్రటి మచ్చ. ఆ మచ్చే గుంత. చీరాలలో ఫాన్సీ షాపు నడిపే మస్తానయ్య టీ చల్లారేలోపు నన్ను అతికించేశాడు.

ఏటా ఎవరో ఒక తండ్రి నన్ను కొనుక్కుపోయేవాడు. పిల్ల పేరు రాసిన కాగితం తల్లి అంటించేది. పిల్లకు మిగిలిన పనల్లా "గుడ్ మార్నింగ్ సార్, నీరే ప్రాణాధారం" అని బట్టీ పట్టడమే. మొదటి బహుమతి నాదే. హడావిడి అయ్యాక మళ్లీ షాపుకే చేరేదాన్ని. ఇంతమంది పిల్లలు 'సొంతంగా తయారుచేసిన' వస్తువు లోకంలో ఇంకోటి ఉండదని నాకు మహా గర్వం.

హైమావతి టీచరు వచ్చాక ఆ గర్వం దిగింది. "బొమ్మలొద్దు. మీ వీధిలో వాననీళ్లు ఎటు పోతున్నాయో చూసి, ఎందుకలా పోతున్నాయో చెప్పండి. అదే ప్రాజెక్టు" అంది ఏడో తరగతి పిల్లలతో. తల్లిదండ్రులకు కాళ్లూ చేతులూ ఆడలేదు. రాగిణి అనే పిల్ల తండ్రి షాపుకు పరిగెత్తుకొచ్చాడు.

"ఆ 'ఎందుకు' అనేది మీ దగ్గరుందా, మస్తానయ్యా?"

"రేపటికల్లా చేయించి పెడతాలెండి."

అన్నమాట ప్రకారం నా కప్పు మీద మెరుపు కాగితంతో 'ఎందుకంటే' అని అంటించి ఇచ్చాడు. ఆ వారమంతా షాపులో 'ఎందుకంటే'లు వేడివేడిగా అమ్ముడుపోయాయి.

బడి యజమాని పురుషోత్తంగారు టీచరుకు ముందే తేల్చి చెప్పారు. "ఎగ్జిబిషన్లో ఏ తేడా వచ్చినా మీరు ఇంక రానక్కర్లేదు." పాపం, ఆమె జీతం మీదే ఇల్లు గడవాలి.

ఎగ్జిబిషన్ రోజు రాగిణి గడగడా అప్పజెప్పింది. టీచరు గ్లాసుతో నీళ్లిచ్చి, "పొయ్యి తల్లీ, ఎటు పోతాయో చూద్దాం" అంది. నా పై ప్రాణం పైనే పోయింది. నీళ్లు కప్పు మీంచి జారి, మచ్చను కడిగేసి, నేరుగా ఎదురుగా నిలబడ్డ పురుషోత్తంగారి తెల్ల పంచె మీదికి దిగాయి.

"గుంతలోకి పోలేదేంటి టీచర్? మన బడి గుంతలోకైనా పోతాయా?" అంది రాగిణి. ఆ పిల్ల నోట బట్టీ పట్టని మాట వినడం నాకదే మొదలు.

తరగతి తరగతంతా నన్నూ ఎత్తుకుని పెరట్లోకి పరిగెత్తింది. శిలాఫలకంతో సహా అక్కడ బడివారి ఇంకుడు గుంత ఉంది. పిల్లలు సిమెంటు మూత ఎత్తారు. కింద గట్టి నేల. గుంతే లేదు. నాకన్నా అదే నయం, దానికి మూతైనా ఉంది.

పురుషోత్తంగారు ఆ సాయంత్రమే టీచరును మానిపించారు. నన్ను పెరటి చెత్తలో వేయించారు, మూతకు తాళం వేయించారు. టీచరు సంచి తగిలించుకుని వెళ్లిపోతుంటే నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు ప్రార్థన కాగానే పిల్లలంతా నా పక్కనే, తాళం చుట్టూ చేరారు.

"లోపల ఏం లేదుగదండీ, మరి తాళమెందుకండీ?" అంది రాగిణి.

పురుషోత్తంగారు కసిరారు. ఇంకో పిల్ల అదే అడిగింది. తర్వాత ఇంకొకడు. గంట కొట్టినా ఒక్కరూ కదల్లేదు. చివరికి ఆయనే హైమావతి టీచరుకు ఫోన్ చేశారు. "అమ్మా, మీ ఉద్యోగం మీకే ఇస్తాను. వచ్చి వీళ్లకి ఏదో ఒకటి చెప్పండి."

ఆమె వచ్చింది. తాళాన్ని చూసింది, పిల్లల్ని చూసింది.

"నాకూ తెలీదర్రా," అంది. "పార తెండి, తవ్వుదాం."