సీడీ అడగని ప్లేయర్

సునామీ వచ్చిన రెండు నెలలకు, సగం ధరకే వస్తోందని కళ్యాణి పోర్ట్ బ్లెయిర్‌లో ఒక టేప్‌రికార్డర్ కొంది. నెల తిరక్కుండానే అది మూగబోయింది. మెకానిక్ విప్పి చూపిస్తే లోపలంతా తెల్లగా ఉప్పు పేరుకుపోయి ఉంది. సముద్రంలో మునిగిన సరుకును ఎండబెట్టి అంటగట్టారన్నమాట. అప్పటినుంచి ఏ దుకాణదారు మాటా ఆమె చెవికెక్కదు.

కళ్యాణి ఊరి శివారు గరాచర్మలో పిల్లలకు నాట్యం నేర్పుతుంది. పాటలన్నీ ఇంట్లో కంప్యూటర్‌లో ఉన్నాయి. విశాఖలో చదివే తమ్ముడు లోహిత్ కిందటి సెలవుల్లో వచ్చి, అందులో విండోస్ తీసేసి లినక్స్ వేసి వెళ్లాడు. ఎంపీత్రీ ప్లేయర్ కొంటానంటే ఫోన్‌లో ఒకటే చెప్పాడు.

"తగిలించగానే పెన్‌డ్రైవ్‌లాగ కనబడాలక్కా. సీడీ వెయ్యాలన్నాడంటే వదిలెయ్, ఆ సీడీలు విండోస్‌లోనే పనిచేస్తాయి."

బజారులో దేవేంద్ర అనే అతని ఎలక్ట్రానిక్స్ కొట్టుకెళ్లి ఆమె ఆ మాటే అడిగింది.

"అన్నిటికీ పనిచేస్తాది దీదీ, పక్కా గ్యారంటీ," అంటూ అతను తళతళలాడే వెండిరంగు ప్లేయర్ ముందుకు తోశాడు.

అడిగీ అడగకముందే గ్యారంటీ అంటున్నాడంటే ఏదో ఉంది అనుకుంది కళ్యాణి. మర్నాడు సీపీయూని ఆటోలో వేసుకుని వచ్చి కొట్టు ముందు దిగింది.

దేవేంద్ర మొహం మాడిపోయింది. "ఇందులో వైరస్ గట్రా ఉంటే నా మాల్ పాడైపోదా?"

"మీ మాల్ మీద మీకే భరోసా లేదా భయ్యా?"

అతను గొణుక్కుంటూనే తన మానిటర్ తగిలించాడు. వెండి ప్లేయర్ పెడితే తెర మీద ఏమీ రాలేదు. "సీడీ వేస్తే..." అని అతను అంటుండగానే కళ్యాణి దాన్ని పక్కకు నెట్టేసింది. నల్లగా, బొద్దుగా, ఒక్క సన్న సెల్లుతో నడిచే ఇంకొకటి పెట్టింది. వెంటనే కనబడింది. ఒక పాట అందులోకి ఎక్కించి, ఇయర్‌ఫోన్ పెట్టుకుని చివరిదాకా విన్నది. తర్వాత సెల్లు మూత తెరిచి, లోపల వేలితో తడిమి, ఆ వేలిని నాలుక్కి తాకించుకుంది.

ఉప్పు కోసం చూస్తోందని దేవేంద్రకు అర్థమైంది.

"సునామీ అప్పుడు ఒడ్డునే, జంగ్లీఘాట్‌లో ఉండేది దీదీ నా కొట్టు. నీళ్లొచ్చేశాయి. తడిసిందంతా పారబోశాను. ఒక్కటి అమ్మలేదు."

అది నిజమో కాదో కళ్యాణి తేల్చుకోలేకపోయింది. కానీ అతని మొహంలోకి చూడలేక తల దించుకుని, ఆ నల్లదే కొనుక్కుంది.

"గంటసేపు ఈ డబ్బా ఇక్కడే వదిలెళ్లండి. మిగతావీ పెట్టి చూస్తాను. రేపు ఇంకెవరడిగినా అబద్ధం చెప్పక్కర్లేదు," అన్నాడు దేవేంద్ర.

వదిలి వెళ్తే లోపల ఏం మారుస్తాడో! కళ్యాణి స్టూలు లాక్కుని సీపీయూ పక్కనే కూర్చుంది. తొమ్మిది ప్లేయర్లలో నాలుగే పలికాయి. ఆ నాలుగు అట్టపెట్టెల మీదా 'లినక్స్' అని ఇంగ్లీషులో రాయడానికి దేవేంద్ర పెన్ను తీశాడు. ఒక్కో అక్షరం కళ్యాణే చెప్పింది.