బుస ఆగిన సెట్టు

కొండ మీది రాతి క్వారీకి వెళ్లే దారి ఒకే ఒక్క లారీ పట్టేంత. ఎదురెదురుగా రెండొస్తే తప్పుకోవడానికి చోటుండదు. లోయకు మాత్రం లోటు లేదు. అందుకే కింద రేకుల గదిలో రేడియో సెట్టు పెట్టి, దాని ముందు కంట్రోలక్కను కూర్చోబెట్టారు. డ్రైవర్లందరికీ ఆమె అక్కే, ఆమెకన్నా ఇరవై ఏళ్లు పెద్దవాడై, అందరూ తాత అని పిలిచే డ్రైవరుకు కూడా. తోడబుట్టినవాడు మాత్రం ఒక్కడే, పన్నెండో నంబరు లారీ నడిపేవాడు.

పద్ధతి సులువు. దిగేవాడు "దిగుతున్నా" అని చెప్పి బయలుదేరతాడు, అక్క ఆగమంటేనే ఆగుతాడు. మౌనం అర్ధాంగీకారమంటారు గానీ, ఆ కొండ మీద అది పూర్తి అంగీకారమే.

ఆ ఉదయం అక్కకు తల పగిలిపోతోంది. ఎవరూ మాట్లాడకపోయినా సెట్టు ఊరుకోదు, బుసకొడుతూనే ఉంటుంది. దానికో నాబ్ ఉంది. తిప్పినకొద్దీ బుస తగ్గుతుంది, గట్టిగా అందే మాటలే బయటికి వినిపిస్తాయి. రోజూ కాస్త బుస ఉండేలా వదిలేది. ఇవాళ విసుగొచ్చి చివరిదాకా తిప్పేసింది.

"హమ్మయ్య, ఇప్పుడు ఆఫీసులా ఉంది," అన్నాడు మేనేజరు, జన్మలో ఎవర్నీ మెచ్చుకోని మనిషి.

అయినా ఆమెకు మనసు కుదుటపడలేదు. కుర్చీలో అటూ ఇటూ మెసిలింది. టీ కలుపుకుని తాగడం మరిచిపోయింది. పదింటికి తాత గొంతు ఖంగుమంది.

"అక్కా, ఖాళీ బండితో ఎక్కుతున్నా. దారెలా ఉంది?"

దిగుతున్నామని ఎవరూ చెప్పలేదు. "ఎవరూ లేరు తాతా, ఎక్కు."

ఆ మాట అన్నాక కాలు నిలవలేదు. తమ్ముడు ఈపాటికి రాయి నింపుకుని ఉండాలి. వసపిట్టలా వాగేవాడు గంట నుంచి కిక్కురుమనలేదు. అలిగాడా? కొమ్మ తగిలి ఏరియల్ విరిగితే బాగు చేయించుకోడేమని నిన్ననే నలుగురిలో తిట్టింది.

విరిగిన ఏరియల్! వాడి మాట సన్నగా కదా వచ్చేది!

నాబ్ వెనక్కి తిప్పింది. గది నిండా బుస. అందులో, ఎక్కడో అడుగున, తమ్ముడు:

"పన్నెండు దిగుతోందక్కా... మూడో మలుపు..."

"ఆగరా! తాతా, నువ్వూ ఆగు! ఉన్నచోటే ఆగండి!"

బుస తప్ప ఏమీ లేదు. ఆమె చెవిని సెట్టుకు ఆనించేసింది. దేవుడా, ఒక్క మాట. ఒక్కటంటే ఒక్కటి.

"ఆగానక్కా." తమ్ముడి గొంతు. "తాత బండి ఎదురుగానే ఉంది. చెయ్యి చాపితే తగిలేలా."

ఆమెకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "నేను పలక్కపోతే దిగొచ్చేస్తావట్రా?"

"నువ్వు ఆగమన్లేదుగా. అక్క వింటోంది, నాకేంటని వచ్చేశా."

మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. "వాడు చెప్పకుండా దిగాడా? రాసుకో, ఇవాళే పంపించేస్తా."

ఆమె బటన్ నొక్కి, కొండ మీది లారీలన్నిటికీ వినపడేలా చెప్పింది:

"వాడు చెప్పాడు. నాలుగుసార్లు చెప్పి ఉంటాడు. నా తలనొప్పి కోసం నేనే వినడం మానేశా."