చంకల దగ్గర పట్టేసిన కథ

నేను ఒక ఫోన్‌ని. కొత్తదాన్నేం కాదు. వెనక అద్దం పగిలి, బ్యాటరీ ఉబ్బి, పిల్లల గౌన్లకు వేసే ఎలాస్టిక్కు నడుముకు బిగించుకుని బతుకుతున్నాను. పుట్టినప్పుడు నన్నూ పెట్టెలో పడుకోబెట్టి, మొహం మీద పల్చటి కాగితం అంటించి, అపురూపంగానే అమ్మారు. ఆ కాగితం ఒలిచిన కాలేజీ పిల్ల తన మొహం తప్ప నాలో ఇంకేం చూసుకోలేదు. జుట్టు ఎటు దువ్వుకుంటే బాగుంటుందో తేలకముందే నన్ను బకెట్లో పడేసింది. బియ్యం డబ్బాలో పూడ్చి ఆరబెట్టి, ఏమీ ఎరగనట్టు బజార్లో అమ్మేసింది. అలా తణుకులో, కుట్టు మిషను పెట్టుకున్న సత్యవేణి చేతికొచ్చాను.

సత్యవేణి జాకెట్లు కుడుతుంది. అది చాలదన్నట్టు నవల రాస్తుంది. రాసుకోనీండి, నాకేం? కానీ చేతులు రెండూ గుడ్డ మీద ఉంటాయి కదా, అందుకని ఆవిడ నోటితో చెబుతుంది, నేను విని అక్షరాలుగా మార్చాలి. కింద మిషను టకటక, పైన ఫ్యాను గరగర. ఆ గోలలో మీకైతే ఏం వినిపిస్తుందో చెప్పండి!

కథ వకుళ అనే అమ్మాయిది. పెళ్ళిపీటల మీంచి లేచిపోయి రైలెక్కేసింది. సత్యవేణి వారానికో భాగం ఒక కథల సైటులో పెడుతుంది. చదివేవాళ్ళు నలుగురు. అందులో ఒకావిడ సొంత ఆడపడుచు, చదవకుండానే లైకు కొడుతుంది. ఇంకొకాయన ప్రతి భాగం కిందా గులాబీ పువ్వు పెట్టి శుభోదయం అంటాడు, సాయంత్రమైనా సరే. మిగతా ఇద్దరూ చదివారో, వేలు జారిందో ఆ దేవుడికే తెలియాలి.

కొత్త భాగం పెట్టిన రోజున నా అవస్థ చూడాలి. హెమ్మింగు చేస్తూ ఒకసారి, హుక్కులు కుడుతూ ఒకసారి, అంకె మారిందేమోనని నా తెర కిందికి లాగుతుంది. లాగీ లాగీ అక్కడ గీత పడిపోయింది. అమ్మా తల్లీ, లాగితే పాఠకులు ఊడిపడతారా? నాకు నోరుంటే ఎప్పుడో అరిచేదాన్ని.

దీనికి తోడు పేరిందేవిగారొకరు. వెనక వీధిలో ఉంటారు. సరిగ్గా కథ చెప్పే వేళకి ఓ ఆకుపచ్చ జాకెట్టు సంచిలో పెట్టుకుని వచ్చి స్టూలు మీద కూర్చుంటారు. సత్యవేణి కథ ఆపదు, ఈవిడ లేవదు. నేను ఒళ్ళంతా చెవులు చేసుకుని రాస్తుంటే మధ్యలో అందుకుంటారు. ఒకరోజు నా తెర మీద ఏం తేలిందో చూడండి: “వకుళ కన్నీళ్ళు తుడుచుకుని కిటికీలోంచి చీకట్లోకి చూస్తూ చంకల దగ్గర పట్టేస్తోందే అమ్మాయ్ కాస్త వదులు చెయ్యి.”

సత్యవేణి చూసుకోకుండా అదే పెట్టేసింది. గులాబీ పువ్వాయన శుభోదయం అన్నాడు. ఆడపడుచు లైకు కొట్టింది. ఇదేంటమ్మా అని ఒక్కరూ అడగలేదు.

మర్నాడు తప్పు తనే చూసుకుంది. ఎవరైనా తిట్టినా బాగుండేదేమో. “ఎవరూ చదవట్లేదన్నమాట. గోడకి చెప్పుకున్నా ఒకటే,” అంది నా వైపు చూస్తూ. నాకు ఒళ్ళు మండిపోయింది. ప్రతి ముక్కా విని రాసినదాన్ని, నేను గోడనా? వకుళని రైల్లోనే వదిలేసింది. పెళ్ళిళ్ళ కుట్లు అయిపోగానే నవల మొత్తం సైటులోంచి తీసేస్తానంది.

పీడ విరగడైందని నేను సంతోషించాలి. ఎక్కడ! వకుళ ఏమైందోనని నాకూ లోపల పీకుతూనే ఉంది.

పేరిందేవిగారు మాత్రం రావడం మానలేదు. కూర్చుంటారు, సత్యవేణి నోటి వైపు చూస్తారు, ఉసూరుమని జాకెట్టు తీసిస్తారు. వదులు చేస్తే బిగించమంటారు, బిగిస్తే వదులు చేయమంటారు. చివరికి సత్యవేణికి విసుగొచ్చి ఆ జాకెట్టు తిరగేసి చూపించింది.

“ఇంక వదలడానికి లోపల గుడ్డ లేదు పిన్నిగారూ. విప్పీ కుట్టీ చిల్లులు పడిపోయింది. అసలు మీకెక్కడ పట్టేస్తోందో ఇవాళ తేల్చేయండి.”

“జాకెట్టుకేమే, శుభ్రంగా ఉంది. నేను తొడుక్కుంటే కదా!” అన్నారు పేరిందేవిగారు. అని, గొంతు పెంచారు. “ఆడపిల్లని అర్ధరాత్రి రైల్లో కూర్చోబెట్టి నువ్వు నోరు మూసుక్కూర్చుంటే నాకు నిద్రెలా పడుతుందే? ఫోన్లో చదువుకుందామంటే అక్షరాలు ఆనవు. ఎక్కడ దిగిందో చెప్పవే!”

సత్యవేణి చేతిలోని జాకెట్టు పక్కన పెట్టేసింది. నా తెర అరిగేలా తను వెతికిన పాఠకురాలు మూరెడు దూరంలో స్టూలు మీదే ఉంది. తప్పు నాదంటారేమో, నేను వేలితో నొక్కినవాళ్ళనే లెక్కపెడతాను. వినేవాళ్ళని లెక్కపెట్టడం నాకెవరూ నేర్పలేదు.

సత్యవేణి నన్ను దగ్గరికి తీసుకుంది. మళ్ళీ తెర లాగుతుంది కాబోలు అనుకున్నాను. మైకు బొమ్మ నొక్కింది.

“వకుళ నిడదవోలులో దిగింది,” అంది.

“నిడదవోలా? అక్కడ దానికెవరున్నారే?” అన్నారు పేరిందేవిగారు.

రెండూ రాసుకున్నాను. ఏం చేస్తాను, నా ఖర్మ! సాయంత్రం తప్పులు దిద్దుకుంటూ సత్యవేణి ఆ ప్రశ్న దగ్గర ఆగింది. చెరిపేస్తుందనుకున్నాను. చెరపలేదు. ప్లాట్‌ఫారం బెంచీ మీద ఓ ముసలావిడని కూర్చోబెట్టి, ఆ ప్రశ్న ఆవిడ చేత అడిగించింది. ఆవిడకి ఆకుపచ్చ జాకెట్టు కూడా తొడిగింది, చంకల దగ్గర కాస్త వదులుగా.