ముక్కు నుంచి రెండు మూరలు

పాత తెరచాప కొయ్య పీకాలి. పాత రంధ్రాన్ని చెక్కతో మూసెయ్యాలి. ముక్కు నుంచి రెండు మూరల దూరంలో కొత్త రంధ్రం తొలవాలి. నిటారుగా పెరిగిన సరుగుడు మాను ఒకటి చూసి, తొక్క ఒలిచి, చేపనూనె పట్టించి ఎండబెట్టాలి. వెదురు బద్దలు ఆరు కావాలి. తెరచాపకి బరకం గుడ్డ, కుట్టడానికి వలదారం. ప్రతి బద్ద చివరా ఒక తాడు కట్టాలి. ఆ తాళ్లన్నీ కలిసి ఒకే తాడై, వెనక కూర్చున్న మనిషి ఎడమచేతికి అందాలి.

నేను ఒక పడవను. పొడవు పన్నెండు మూరలు. పైన చెప్పిన పనులన్నీ నా ఒంటి మీదే జరగాలి. అన్నీ అనుకున్నట్టే జరిగాయి, ఒక్కటి తప్ప. నా కోపమంతా ఆ ఒక్క పని గురించే.

వంశధార సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుకలో వడ్రంగి బంగారయ్య నన్ను చేశాడు. మేకు మేకుకీ దణ్ణం పెట్టుకునే మనిషి. సూరాడవారి పెద్దాయన నన్ను చేయించుకుని ఇరవై ఏళ్లు నడిపాడు. ఆయన పోయాక పెద్దకొడుకు కొర్లయ్య చేతికి వచ్చాను. కొర్లయ్య ఇంజను బోటు కొన్నాడు. నన్ను ఇసుకలోకి లాగించి, నాలో కోళ్లను కమ్మించాడు. సముద్రం చూసిన నేను మూడేళ్లు కోడిరెట్ట చూశాను. మనుషులకి కృతజ్ఞత గురించి మాట్లాడటం వచ్చు. అంతవరకే వచ్చు.

ఆ రోజుల్లోనే చిన్నవాడు ఎల్లాజీ పోర్ట్‌బ్లెయిర్ నుంచి తిరిగొచ్చాడు. అక్కడ పెద్ద బోటులో వల లాగే చక్రం అతని కుడిచేతిని పట్టుకుంది. మోచెయ్యి మడవదు, వేళ్లు మూసుకోవు. నా పాత చాపకి ఇద్దరు మనుషులు కావాలి: ఒకడు చుక్కాని పట్టాలి, ఇంకొకడు గాలి మారినప్పుడల్లా అడ్డకర్రను కొయ్య చుట్టూ తిప్పాలి. ఒంటిచేతివాడితో జతకట్టి వేటకి రావడానికి రేవులో ఒక్కడు కూడా ముందుకు రాలేదు. తమ్ముడి మీద ప్రేమతోనే కొర్లయ్య టౌనులో ఐసు ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్ పని కుదిర్చాడు. పున్నమి వెళ్లిన మర్నాడు చేరాలి.

“కుర్సీ ఏసుకుని గేటు కాడ కూకుంటే నాను సచ్చిపోతానే” అన్నాడు ఎల్లాజీ, పెళ్లాంతో.

“సచ్చిపోడం ఎప్పుడైనా సచ్చిపోవచ్చు గానీ, ముందు ఆ సముద్రం ముసలోడి కత మళ్లీ సెప్పు” అంది దాలమ్మ. నా అంచు మీద చెయ్యి వేసుకుని నిలబడి ఉంది. రేవులో వలలు బాగుచేసేది, చేపలు ఎండబెట్టేది ఆమే.

పోర్ట్‌బ్లెయిర్ జెట్టీలో ఎల్లాజీ ఒక పరదేశి ముసలాయన్ని చూశాడు. చైనావాళ్ల తీరు చాప పెట్టిన చిన్న పడవలో ఒంటరిగా వచ్చాడు. చాపకి అడ్డంగా వెదురు బద్దలు. లేచి నిలబడే పనే లేదు. వెనక కూర్చునే తాడు లాగితే చాప లేస్తుంది, వదిలితే గుమ్మానికి కట్టిన తడకలా మడత మీద మడత పడుతుంది. గాలి ముదిరితే రెండు మడతలు దించుకుంటే చాలు. ఎల్లాజీ ఆ బొమ్మని బిస్కెట్ల అట్ట మీద గీసుకొచ్చాడు. దాలమ్మ ఆ అట్ట తీసుకుంది. నాలోంచి కోళ్లను తోలేసింది.

చాప అంతా ఆమే కుట్టింది. బద్ద బద్దకీ గుడ్డ మడిచి, వల ముడులు వేసినట్టు రెండేసి కుట్లు వేసింది. కొయ్య పని బంగారయ్యది. కొత్త చాప బరువంతా కొయ్యకి వెనకే ఉంటుంది కాబట్టి కొయ్య బాగా ముందుకి జరగాలి. రెండు మూరలని ఎల్లాజీ గీత గీసి మరీ చూపించాడు. బంగారయ్య తలూపాడు. ఆ ఊపిన తలని నేను ఈ రోజుకీ క్షమించలేదు.

పున్నమికి మూడు రోజుల ముందు నన్ను నీళ్లలోకి దింపారు. రేవంతా చూస్తోంది. చాప లేచింది. నిజం చెప్పాలంటే నాకు గర్వంగా అనిపించింది. అంతలోనే నా ముక్కు గాలివైపు తిరిగిపోయింది. ఎల్లాజీ ఎడమచేత్తో చుక్కాని లాగాడు, తొడతో తోశాడు, ఒరిగి పడుకుని మరీ లాగాడు. నేను మాట వినలేదు. వినడం నా చేతిలో లేదు. గాలి బరువంతా వెనక పడితే ఏ పడవైనా అలాగే తిరుగుతుంది. గిర్రున తిరిగి ఇసుకతిప్ప ఎక్కాను.

ఒడ్డున నవ్వులు.

“సాప కాదురా అది, దొడ్డి తడక!” అన్నారెవరో.

తమ్ముడి భార్యతో బావ నేరుగా మాట్లాడడు, అది వాళ్లింటి మర్యాద. అందుకని కొర్లయ్య దాలమ్మకి వినపడేలా తమ్ముడితోనే అన్నాడు: “ఒరే, మీ యావిడికి సెప్పు. జాకెట్లు కుట్టుకునే సెయ్యి సాపలు కుడితే ఇలాగే ఉంటాది. ఆ బరకం పీకేసి సేపలారబెట్టుకోమను.”

“మీ అన్నకి సెప్పు” అంది దాలమ్మ, మొగుడి వంకే చూస్తూ. “ఆయన ఇంజను బోటు వల సిరిగితే కుట్టిన సెయ్యి కూడా ఇదే.”

బంగారయ్య ఆ గుంపులోనే ఉన్నాడు. నేల చూపులు చూస్తున్నాడు. నాకు నోరుంటే అప్పుడే అరిచేదాన్ని: నా కొయ్య ఎక్కడ దిగిందో వచ్చి చూడండర్రా, అని. నోరున్నవాడు మాట్లాడలేదు. మాట్లాడాలనుకున్న నాకు నోరు లేదు.

ఎల్లాజీ ఆ సాయంత్రమే ట్రంకుపెట్టెలో బట్టలు సర్దుకున్నాడట. దాలమ్మ మాత్రం తెల్లారగానే నా దగ్గరికి వచ్చింది. ముందు తన తప్పే వెతుక్కుంది. చాప ఇసుకలో పరిచి, అట్ట పక్కన పెట్టుకుని, కుట్టు కుట్టూ చూసింది. తప్పు లేదు. అప్పుడు నా ముక్కు దగ్గర మోచెయ్యి ఆనించి కొలిచింది. ఒకటి. రెండు. కొయ్య తగల్లేదు. మూడు. తగిలింది.

బంగారయ్యను పిలిపించింది.

“మావా, రెండు మూరలన్నాం కదా?”

“మూర మూరకీ తేడా ఉంటాదమ్మా.”

“మూరకి మూరెడు తేడా ఉంటే నువ్వు మనిసివి కాదు మావా, తాటిసెట్టువి.”

బంగారయ్యకి నవ్వు రాలేదు. నా ముందు పలక వైపు చూశాడు. వేటకి వెళ్లే ప్రతిసారీ పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టే చోటు అది. పెద్దాయన కాలం నుంచి పసుపు చెక్కలోకి ఇంకిపోయింది.

“అది గంగమ్మ తల్లి కూకునే సోటు. దాని మీద ఉలి ఎట్టడానికి నాకు సెయ్యాడలేదమ్మా” అన్నాడు.

“ఆ మాట నాతో అంటే ఏదోటి సేసుకుందుం. ఊరంతా నా మీద నోళ్లేసుకుని పడిపోతంటే, నీ నోరేటయిపోయింది?”

బంగారయ్య ఉలి సంచిని వెనక్కి జరుపుకున్నాడు. భయం భక్తి వేషం వేసుకుంటే దానికి ఎంత గౌరవమో ఈ రేవులో!

దాలమ్మ నీళ్లలోకి దిగి దోసిట్లో సముద్రం పట్టుకొచ్చి ఆ పలక మీద పోసింది. “తల్లీ, నీకు ఇంత సముద్రముంది. నా మొగుడికి ఈ జానెడు సోటియ్యి. నిన్ను కొయ్య మొదట్లోనే ఎట్టుకుంటాం” అంది. బంగారయ్య సంచిలోంచి ఉలి తీసింది. సుత్తి ఎత్తింది. మొదటి దెబ్బ ఆమెదే. నాకు నొప్పి పుట్టింది, అబద్ధమెందుకు. కానీ ఆ నొప్పి మూడేళ్ల కోళ్లగూటి బతుకు కన్నా వెయ్యి రెట్లు నయం. నాలుగో దెబ్బకి ఉలి వంకర పోయింది. ఇక చూడలేక బంగారయ్య సుత్తి అందుకున్నాడు.

పున్నమినాడు ఎల్లాజీ ఒక్కడే ఎక్కాడు. చుక్కాని రెండు వేళ్లకి లొంగింది. మొగ దాటుతుంటే గాలి ముదిరింది; తాడు వదిలాడు, రెండు మడతలు తడకలా దిగి కూర్చున్నాయి. అతను లేవలేదు. సాయానికి ఎవర్నీ పిలవలేదు. సముద్రంలో కూర్చుని పెద్దగా ఏడ్చాడు. అది చూసింది నేనొక్కదాన్నే.

ఒడ్డుకొస్తే కొర్లయ్య ఎదురొచ్చాడు. “ఐసు ఫేట్రీ వోళ్లకి ఏటి సెప్పమంటావురా?”

“గేటు మూసుకోమను.”

పదకొండేళ్లు అలా వెళ్లాం. ఇప్పుడు ఆ రేవులో మరో నాలుగు పడవలకి వెదురు బద్దల చాపలున్నాయి. వాటిని ఎల్లాజీ చాపలంటారు. కొయ్య నిలబెట్టడానికి బంగారయ్యే వెళ్తాడు, కలలో గంగమ్మే కనిపించి చోటు మార్చమందని చెప్తాడు. మొదటి ఏడాది ఎల్లాజీ “మా యింటిది కొలిసింది” అనేవాడు. విన్నవాళ్లు నవ్వేవాళ్లు. వాళ్లు నవ్వీ నవ్వీ, ఇతను చెప్పడం మానేశాడు. చుక్కాని పట్టినంత గట్టిగా ఆ మాట పట్టుకోలేకపోయాడు. ఆ సంగతిలో అతన్ని కూడా నేను క్షమించను.

నా పక్కటెముకలు పుచ్చిపోయాయి. సరుగుడు తోటలో బోర్లా పడి ఉన్నాను. ఈ వానలకి ముందే చీల్చి పొయ్యిలో పెడతారు, పెట్టుకోనీండి. మీరెప్పుడైనా వంశధార మొగ వైపు వెళ్తే, ఆ చాప పేరు చెప్పి ఎవరైనా ఎల్లాజీని పొగుడుతుంటే విని ఊరుకోకండి. ఆరబోసిన చేపల వరసల మధ్య ఒకామె వంగి పనిచేసుకుంటూ ఉంటుంది. నడుం ఎత్తి చూడదు, తన గురించి చెప్పుకోదు. ఆమె పేరు సూరాడ దాలమ్మ. దయచేసి ఆమెను గుర్తు పెట్టుకోండి.