దగ్గు పోయిన ట్రక్కు

మా మావయ్య ఆర్లిస్ నోట్లోంచి మాట ఒకసారి బయటికొచ్చిందంటే, దేవుడు దిగివచ్చినా వెనక్కి తీసుకోడు. పోయిన వసంతంలో పాత ట్రక్కు క్లచ్ తొక్కుతూ మోకాలు పట్టేసి, దిగలేక పొద్దుగూకేదాకా పచ్చికలోనే చిక్కుకుపోయాడు. ఆ ఉక్రోషంలో అలాంటి మాటే ఒకటి అనేశాడు.

"అక్టోబరులో మంద కొండల్లోంచి దిగాలిగా, అప్పుడు తేలుద్దాం. ఎవరి సాయమూ లేకుండా నేనే తోలుకొచ్చానా, సరే. లేదంటే మొత్తం కాల్వర్ట్‌కి అమ్మేస్తా!"

ఈ మాట మా వంటింట్లో అన్నా సర్దుకునేవాళ్ళం. ఊళ్ళో కాఫీ దుకాణంలో, సాక్షాత్తు ఆ కాల్వర్ట్ ముందే అన్నాడు. కాల్వర్ట్ పశువులు మా కంచె అవతలే మేస్తాయి, అతని కళ్ళు మాత్రం ఎప్పుడూ కంచెకి ఇవతలే మేస్తాయి. టక్కున చెయ్యి చాపాడు, ఈయన కలిపాడు. మా నెబ్రాస్కా ఇసుకకొండల్లో చేతులు కలిశాక ఇంక కాగితాలెందుకు? ఆ కబురు విని నేను గిన్నె నేలకేసి కొట్టాను. అది వేరే సంగతి.

నా కోపమంతా ఒక్కదానికే. ఆ ఆవులు పోతే ఆయనా మిగలడు. అత్తయ్య పోయిన దగ్గర్నుంచీ ఆ మనిషి పొద్దున్నే లేచి బూట్లు తొడుక్కుంటున్నది వాటి కోసమే. ఇది నాకు తెలుసు, మావయ్య కొడుకు, అంటే మా ఆయన వెర్లిన్‌కీ తెలుసు. ఆయనతో అనే ధైర్యమే ఇద్దరికీ లేదు.

గుర్రం ఎక్కడానికి ఆయన మోకాలు ఒప్పుకోదు. కొత్త బండి ఎక్కడానికి మనసు ఒప్పుకోదు. "అవి బళ్ళా? చక్రాలున్న రిమోట్లు!" అని తీసిపారేస్తాడు. ఆయన నడిపేది యాభైనాలుగు మోడల్ పికప్ ఒక్కటే. అందుకని నేనూ వెర్లిన్ కూర్చుని ఉపాయం ఆలోచించాం. పైకి ఆ పాత ట్రక్కునే ఉంచి లోపల ఇంజను మార్చేస్తే సరి.

తుక్కుబళ్ళ యార్డులో, వెనక భాగం నుజ్జయిన కొత్త పికప్ ఒకటి దొరికింది. దాని ఎనిమిది సిలిండర్ల ఇంజను, ఆటోమేటిక్ గేరుపెట్టె ఊడదీసి తెచ్చుకున్నాం. వేసవంతా మా కాపురం షెడ్డులోనే. వెల్డింగు వెర్లిన్‌ది, వైర్లు నావి. ఇంజను కూర్చోవడం లేదని ఛాసిస్ అడ్డపట్టీ కోసి అతికాడు. ఈసారి అడుగున ఆయిలు తొట్టి తగిలిందని మళ్ళీ కోశాడు. నేనేమో ఇంజను కంప్యూటర్‌కి పోయే వైర్ల చిక్కు విప్పి, అక్కర్లేనివి పీకేశాను. తీరా తాళం తిప్పితే చడీచప్పుడూ లేదు.

"నువ్వే ఏదో ఎక్కువ పీకావు!" అన్నాడు వెర్లిన్.

"అంత ముఖ్యమైన వైరైతే ఎర్రరంగు వేసి ఏడవచ్చుగా, తయారుచేసినవాళ్ళు?"

"ఎర్రదే రోవీనా. ఇదిగో, నీ చేతిలోనే ఉంది."

ఉంటే ఏమిటట? మళ్ళీ కలిపాను, ఇంజను లేచింది.

ఇక క్లచ్ అన్న మాటే లేదు. స్టీరింగు ఒక్క వేలితో తిప్పచ్చు. బ్రేకు తొక్కితే బండి ఆగుతోంది, ఆ ట్రక్కు పుట్టాక అదే మొదటిసారి. వెర్లిన్ మాత్రం వీటన్నిటికంటే తను బిగించిన సైలెన్సర్ చూసుకుని మురిసిపోయాడు. ఇంజను నడుస్తుండగా "విను" అంటాడు. "ఏం వినాలి? ఏమీ వినబడటం లేదుగా" అంటే, "అదీ!" అని తొడ చరుచుకుంటాడు.

మావయ్య ఎక్కి కూర్చుని తాళం తిప్పాడు. చెవి రిక్కించి, "లేచిందా?" అన్నాడు.

"లేచింది మావయ్యా."

"మరి దగ్గదేం?"

"జబ్బు నయమైంది నాన్నా!" అన్నాడు మా ఆయన ఛాతీ విరుచుకుని. మావయ్య షెడ్డు చుట్టూ తిప్పి వచ్చి, మోకాలు నిమురుకుని నవ్వాడు. ఆ నవ్వు చూసి మేం గెలిచేశామనే అనుకున్నాం.

అక్టోబరు చివర్లో, మంచు పడుతుందని రేడియోలో చెప్పిన రోజు పొద్దున్నే, పిలవని పేరంటానికి కాల్వర్ట్ దిగాడు. బండి వెనక పశువుల ట్రైలర్ కూడా తగిలించుకొచ్చాడు. పొయ్యి మీద మాంసం, చిక్కుళ్ళు ఉడుకుతున్న చిల్లీ, పక్కన దాల్చినచెక్క రోల్సు చూసి, అడక్కుండానే బల్ల దగ్గర కూలబడ్డాడు.

"నీ చేతి వంట అమృతం రోవీనా. ఆవులతో పాటు ఇది కూడా రాసిచ్చేస్తే బాగుండు."

"తిను తిను. ఇవాళ నువ్వు మా ఇంట్లోంచి పట్టుకుపోయేది అదొక్కటే," అన్నాను.

ముగ్గురం కంచె దగ్గర నిలబడ్డాం. మావయ్య దాణా బస్తాలేసుకుని లోయ మొదట్లోకి ట్రక్కు తోలాడు. మంద కొండకి అవతల ఉంది, కంటికి కనిపించదు. ఏటా ఆయన వెతకడానికి వెళ్ళేవాడు కాదు. లోయలో ఆ ట్రక్కు దగ్గిందంటే దాణా వచ్చిందని తెలిసి, ఆవులే కొండ దాటి పరుగెత్తుకొచ్చేవి.

ఇప్పుడు ట్రక్కు చప్పుడు లేకుండా లోయలోకి జారి ఆగింది. కొండ మీద ఈగ కూడా వాలలేదు.

వెర్లిన్ మొహంలో నెత్తుటి చుక్క లేదు. "అయ్యో! వాటికి ఆ దగ్గే కదా గుర్తు..."

"వేసవంతా కూర్చుని దాన్నే నయం చేశావు, మహానుభావా!"

మావయ్య హారను కొట్టాడు. అది కూడా మేం పెట్టిన కొత్తదే. కొండమీద నాలుగు తలకాయలు లేచాయి, ఆ మోత విని బెదిరి మాయమయ్యాయి. నోరారా కేకేశాడు. అదింకా చేటు. ఆయన కేకలేసేది టీకాలు పొడిపించే రోజే మరి.

"ట్రైలర్ తలుపు తియ్యనా అమ్మా?" అన్నాడు కాల్వర్ట్.

"తీశావంటే ముందు నిన్నే తోస్తా అందులోకి."

వెర్లిన్ కంచె దూకబోయాడు. కాలరు పట్టి వెనక్కి లాగాను. "సాయం చేశావో, పందెం నీ చేత్తోనే పోగొట్టినవాడివవుతావు. నోరు మూసుకుని నిలబడు." అన్నాను గానీ, తీరా చూస్తే నా కాలే కంచె మీదుంది.

మావయ్య ఇంజను ఆపేసి కిందికి దిగాడు. టోపీ తీసి సీటు మీద పెట్టాడు. అయిపోయింది, ఈ మనిషిని ఇక మనం నిలబెట్టలేం అనుకున్నాను.

అప్పుడు లోయలోంచి వినబడింది.

"గుర్ర్ర్... గుర్ర్ర్... గుర్..." ఆగిపోయింది. "లేవవే ముసలిదానా!" తలుపు మీద ధబీమని ఒక చరుపు. మళ్ళీ "గుర్ర్ర్... ఖళ్, ఖళ్, ఖళ్... ఫట్!" పాత ఇంజనే! చచ్చుపడ్డ సిలిండర్ దగ్గర తడబడటంతో సహా, గేరు పడేటప్పటి ఆ కీచుమనే గోలతో సహా, అంతా ఆయన నోట్లోంచే వస్తోంది.

కొండమీద ఒక ఎర్రావు తల ఎత్తింది. తర్వాత మొత్తం మంద, దూడలతో సహా, దడదడమని కిందికి దిగింది.

మావయ్య ట్రక్కెక్కాడు. ఆటోమేటిక్ బండి మెత్తగా సాగుతుంటే, కిటికీలోంచి తల బయటపెట్టి దగ్గుతూ, లేని గేర్లు నోటితో మారుస్తూ, వెనక ఆవుల బారుతో మా ముందునుంచే వెళ్ళాడు. మా వంక చూశాడు గానీ పలకలేదు. మాట్లాడితే ఇంజను ఆగిపోతుందిగా!

"ఇది అన్యాయం," అన్నాడు కాల్వర్ట్.

"సాయం చేసిందెవరో చెప్పు."

చుట్టూ చూశాడు. "ఎవరూ లేరు," అని ఒప్పుకుని టోపీ తీశాడు. చెడ్డవాడు కాదు, ఆశపోతంతే.

ఆఖరి దూడ లోపలికొచ్చాక గేటు వేశాం. మావయ్య ట్రక్కుకి ఆనుకుని నిలబడ్డాడు, గొంతు పూర్తిగా బొంగురుపోయింది.

"అంత అచ్చంగా ఎలా వచ్చింది మావయ్యా?"

"ఇన్నేళ్ళు విన్నానమ్మాయ్. రాదూ మరి?" అన్నాడు. ట్రక్కు తలుపు నిమురుతూ, "మీ అత్తయ్య గురక కూడా వచ్చు నాకు. వింటావా?" అన్నాడు.

వినిపించాడు. నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. వెర్లిన్ అటు తిరిగి చొక్కా చేతితో మొహం తుడుచుకున్నాడు.

"అమ్మ మరీ అంత గట్టిగా పెట్టేది కాదు నాన్నా."

"నువ్వు పక్క గదిలో కదరా పడుకునేవాడివి," అన్నాడు మావయ్య.