దిబ్బకు పడ్డ గండి

సముద్రం ఏటా ఒడ్డును కొరుక్కుతింటోందని, వీధి చివర ఇసుక దిబ్బను మళ్లీ పెంచే పని పెట్టారు. ఆ పని చూసేది దిబ్బ పక్కింటి పెద్దకోడలే. వెదురు తడికలు పాతించి, గాలికొచ్చే ఇసుకను వాటి దగ్గర ఆపి, పైన గడ్డి నాటించింది. వేళ్లు ఇంకా లోతుకు దిగనేలేదు, తుఫాను ముంచుకొచ్చింది.

వీధంతా పొద్దున్నే ఖాళీ అయింది. ఆ ఇంటివాళ్ల కోసం వస్తానన్న బండి మధ్యాహ్నమైనా రాలేదు. కోడళ్లిద్దరి మొగుళ్లూ పొరుగూళ్లో చిక్కుకుపోయారు. మామగారు కాలు విరిగి మంచం మీదున్నాడు.

కిటికీలోంచి చూసిన పెద్దకోడలికి పై ప్రాణాలు పైనే పోయాయి. దిబ్బ నడుమ గండి పడి నీళ్లు వీధిలోకి తోసుకొస్తున్నాయి.

"నేనే అక్కా," అంది తోడికోడలు. "చుట్టూ తిరగలేక తడిక పీకేసి దిబ్బ మీంచే ఒడ్డుకు నడిచేదాన్ని. నాలుగు గడ్డిపరకలేగా అనుకున్నా."

పెద్దకోడలు పార అందుకుంది. "దిండు గలీబులన్నీ పట్రా!"

"మీరు పొండమ్మా, నాకు ఈతొచ్చు," అన్నాడు మామగారు కట్టుకాలు చూపిస్తూ.

పెరట్లోని ఇసుకను గలీబులకెత్తి, ఈడ్చుకెళ్లి గండిలో పేర్చారు. కెరటం వెనక్కి పోయినప్పుడల్లా కాళ్లకింద నేల జారిపోతోంది. ఒక పెద్ద కెరటం చిన్నకోడల్ని ఎత్తి పడేసింది. పెద్దకోడలు ఒక చేత్తో వెదురు గుంజను, ఇంకో చేత్తో ఆమె జడను పట్టుకుంది. గుంజ ఊగింది. ఊడితే ఇద్దరూ పోయినట్టే. ఊడలేదు.

నీళ్లు గడప దాటి, మంచం కోళ్లను తడిపి ఆగాయి. పొద్దు వాలేలోగా బండి వచ్చింది.

గాలి తగ్గాక తిరిగొచ్చి చూస్తే, సముద్రం వైపు సగం దిబ్బ లేదు. మిగిలిన సగం అంచున గడ్డివేళ్లు వేలాడుతున్నాయి.

"మళ్లీ వస్తుందా అక్కా?"

"వస్తుంది."

"అప్పటికి ఇది గట్టిపడుతుందా?"

"ఏమో." పెద్దకోడలు విరిగిన తడిక ఒక కొస ఎత్తింది. "రెండో వైపు పట్టుకో."

చిన్నది పట్టుకుంది. ఇద్దరిలో ఎవరూ సముద్రానికి వీపు పెట్టి నిలబడలేదు.